పాత హ్యాండిలు, కొత్త తలుపులు

పెద్దకాలువ లాకుల దగ్గర దేవమణి లస్కరు. నదిలోని నీటిని కాలువలోకి వదిలే తలుపులను ఎత్తడం, దించడం, ఎత్తనప్పుడూ దించనప్పుడూ వాటిని కనిపెట్టుకుని ఉండడం లస్కరు పని. తండ్రి సర్వీసులో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆడమనిషి లస్కరు కావచ్చునా అన్న గంభీరమైన ప్రశ్న మీద కార్యాలయం వారు కొంతకాలం దీర్ఘాలోచన చేసి, కాకూడదని ఎక్కడా రాసి లేదు గనక కావచ్చునని తేల్చారు. యూనిఫారం విషయంలో మాత్రం అంతదూరం ఆలోచించలేదు. మొదటి ఏడు ఆమెకు ఖాకీ చొక్కాతో పాటు ఖాకీ నిక్కరు కూడా పంపించారు. చొక్కాను దేవమణి చీర మీద తొడుక్కుంది. నిక్కరు కుట్లు విప్పి, తలుపులు తిప్పే హ్యాండిలుకు గలీబు కుట్టింది. ప్రభుత్వ సొమ్ము వృథా కాలేదు.

ఆ హ్యాండిలును గురించి రెండు ముక్కలు చెప్పాలి. మోచేతిలా వంగిన ఇనప కమ్మీ అది, చంటిపిల్లంత బరువు. దాన్ని తలుపు మీది మరకు తగిలించి కుడివైపు తిప్పితే తలుపు దిగుతుంది, ఎడమవైపు తిప్పితే లేస్తుంది. లాకులకు మూడు తలుపులున్నా హ్యాండిలు ఒక్కటే. అందుకని అక్కడ ఒక ఆచారం పుట్టింది. కాలువలో ఎవరైనా పనికి దిగితే హ్యాండిలు కూడా వాళ్లతో పాటే దిగాలి. హ్యాండిలు కాలువలో ఉండగా తలుపు ఎత్తగల మొనగాడు ఒడ్డున ఉండడు. ఈ నియమం ఏ సర్కారు పుస్తకంలోనూ లేదు. బహుశా అందుకే అది తండ్రి నాటి నుంచి తు.చ. తప్పకుండా అమలవుతూ వచ్చింది.

తలుపులు మాత్రం టేకువి. ఏ దొర పెట్టించాడో ఎవరికీ తెలియదు గనక ఎవరికి తోచిన దొర పేరు వాళ్లు చెప్పేవారు. దేవమణి చేతికి వచ్చేసరికి వాటిలో టేకు ఎంతో, చీలికలు ఎంతో చెప్పడం కష్టం. ఎండాకాలంలో కారిపోయే నీటిని ఆపడానికి ఆమె బుట్టెడు పేడ, బుట్టెడు తవుడు కలిపి నదివైపు నుంచి తలుపు ముందు జారవిడిచేది. చీలిక ఎక్కడుంటే నీరే ఆ ముద్దను అక్కడికి లాక్కుపోయి పూడ్చుకునేది. వంశధార నదిని ఆపుతున్నది తలుపులా, తవుడా అన్న విషయాన్ని ఇంజనీరింగు శాస్త్రం చివరిదాకా తేల్చలేదు.

రెండువేల పదిహేడు వేసవిలో ఆ తలుపులకు ఉద్వాసన పలికారు. క్రేను వచ్చింది, ఇనప తలుపులు వచ్చాయి, వాటిని తిప్పడానికి గేర్లపెట్టెలు వచ్చాయి. మర కడ్డీలకు తుప్పు పట్టకుండా పైన గొట్టాలు తొడిగారు. కొత్త హ్యాండిలు కూడా ఒక్కటే; చిన్నది, తేలికైనది, ఎర్రరంగుది. ఈ సరంజామా అంతా దగ్గరుండి బిగించిన అసిస్టెంటు ఇంజనీరు సుహాసినికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. చెప్పవలసింది చెప్పవలసిన వాళ్లకు చెప్పడం ఆమెకు అలవాటు.

"దేవమణిగారూ, ఇది పాతదానికి రివర్సు. ఎడమవైపు తిప్పితే దిగుతుంది. కుడివైపు తిప్పితే లేస్తుంది. గుర్తుంటుందా?"

"గుర్తుంటాది మేడమ్."

"గుర్తుండకపోయినా ఫరవాలేదు, బాణం గుర్తులు వేయించాను చూడండి." పెట్టె మీద తెల్లరంగుతో ఒక బాణం, దాని పక్కన 'మూయు' అనే మాట, ఇంకో బాణం, 'తెరుచు' అనే మాట. దేవమణి రెండింటినీ చదివి, మరిచిపోయేటంత ముసలిదాన్నా అనుకుంది. చేతులకు చదువు రాదన్న సంగతి అప్పటికి ఆమెకు తట్టలేదు.

ఏరువాక పున్నమి వచ్చింది. ఆ రోజు లాకుల దగ్గర గంగమ్మకు పూజ చేసి, తలుపు జానెడు ఎత్తి, వచ్చిన తొలి నీటిలో రైతు పెద్ద కాళ్లు తడుపుకోవడం వాడుక. వెంటనే మళ్లీ దించేస్తారు. అసలు నీరు వదిలేది తరవాత ఎప్పుడో, కాలువ పని పూర్తయ్యాక. ఈ సారి పని పూర్తి కాలేదు. మైలు దూరాన ఒక గెడ్డ, అంటే కొండవాగు, కాలువకు అడ్డంగా వస్తుంది; గెడ్డ పైనుంచి పోతే కాలువ దాని కింద ఇటుక సొరంగంలోంచి దూరి అవతల తేలుతుంది. ఆ సొరంగంలో పూడిక ఇంకా మిగిలింది. తీసేవాళ్లు ఉపాధి హామీ పనివాళ్లు. వాళ్ల చేత పని చేయించే మేటు కృపానిధి. దేవమణికి మొగుడు.

పొద్దున్నే కృపానిధి లాకుల దగ్గరికి వచ్చి, గోడకు ఆనించి ఉన్న పాత హ్యాండిలును ఖాకీ గలీబుతో సహా భుజాన వేసుకున్నాడు.

"అదెందుకు మావా? కొత్త తలుపులకి అది పట్టదు కాదేటి?" అంది దేవమణి.

"పట్టకపోతే పోనీ. ఇది లేకపోతే మా ముఠాలో కూర్మమ్మ సొరంగంలోకి దిగదు. నాను బైబిలు తెచ్చినా దిగదు, ఇది తెస్తే దిగుతాది."

"ఈరోజు పూజున్నాది. జానెడు నీరు వదుల్తారు."

కృపానిధి నది వంక చూశాడు. పైన ఒడిశా కొండల్లో వానలు పడినట్టున్నాయి, నీరు ఎర్రగా, తలుపుల మెడదాకా ఉంది. "ఈయేడు ముందే వచ్చీసినాది," అన్నాడు. "జానెడంటే జానెడేనా?"

"ఏటా వదిలేదే. ఆ సుక్క నీరు మావిడితోట దాటదు, ఎండిన కాలవ తాగీస్తాది. నాను దగ్గరుంటాను. బెంగ లేకుండా దిగు."

"నువ్వన్నావు, దిగుతన్నాను. రేపు పరలోకంలో ప్రభువు అడిగితే నీ పేరే సెప్తాను."

"సెప్పు, సెప్పు. అక్కడ మా నాన్న లస్కరు. ముందు ఆయనకి సెప్పుకోవాల," అని దేవమణి నవ్వింది. కృపానిధి కాలువ గట్టున వెళ్లిపోయాడు.

ఊళ్లో అందరూ బుగతా అని పిలిచే నీటి సంఘం అధ్యక్షుడు నరసింగరావు సపరివారంగా విచ్చేశాడు. పట్టుపంచె, కండువా, చేతికి వాచీ. కొత్త తలుపులకు తొలి పూజ తన చేతుల మీదుగా జరుగుతోందన్న స్పృహ ఆయన నడకలోనే కనిపించింది. ఆడవాళ్లు పసుపు కలిపి తెచ్చారు. పాత తలుపులకు చెక్క మీద మూడు బొట్లు పెడితే సరిపోయేది. కొత్త తలుపులు కిందెక్కడో ఉన్నాయి, చేతికి అందేది గేర్లపెట్టె ఒక్కటే. కనుక గంగమ్మకు దక్కవలసిన పసుపు మొత్తం పెట్టెకు దక్కింది. నాలుగు వైపులా చిక్కగా మెత్తి, పైన కుంకుమ అద్దారు. తెల్ల బాణాలు రెండూ పసుపు కింద ప్రశాంతంగా నిద్రపోయాయి.

దేవమణి చూస్తూనే ఉంది. బాణాలు పోతున్నాయని ఆమెకు తోచింది కూడా. కానీ తను బాప్టిస్టు చర్చి మనిషి, హిందువుల పసుపు తుడవమంటే ఏం బాగుంటుంది? వాళ్ల పూజలో ఆమె జోక్యం చేసుకోదు, ఆమె ఆదివారాల్లో వాళ్లు జోక్యం చేసుకోరు. ఆ మర్యాద మీదే లాకుల దగ్గర ఇన్నేళ్లూ శాంతి నెలకొని ఉంది. చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. ఒక బంతిపూల దండను మాత్రం జోగయ్య అనే రైతు ఒడుపుగా వంగి నడిమి తలుపు కొక్కేనికే కట్టాడు. దండ కొస నీటిని తాకుతూ వేలాడింది.

"లస్కరమ్మా, మెట్ల కాడ నాచు ఉన్నాది. జారతామేమో సూడు," అన్నాడు నరసింగరావు.

దేవమణి కాలువవైపు మెట్లు దిగి, చీపురుతో నాచు గీకే పనిలో పడింది. ఆ సమయంలోనే పైన సుహాసిని దగ్గరుండి, "ఇటు తిప్పండి సార్, ఇంకొంచెం, చాలు," అంటూ నరసింగరావు చేత నడిమి తలుపు జానెడు ఎత్తించింది. తలుపు కింది నుంచి నీరు బుస్సుమని వచ్చి మొదటి మెట్టు తడిపింది. అందరూ చప్పట్లు కొట్టారు. సుహాసినికి పైఅధికారి ఫోను వచ్చింది. సిగ్నలు కోసం ఆమె గట్టు చివరికి నడిచింది.

నరసింగరావు మెట్లు దిగి పంచె ఎత్తి పాదాలు నీటిలో పెట్టాడు. "చాలు, దించీయే," అన్నాడు.

దేవమణి పైకెక్కి హ్యాండిలు పట్టుకుంది. జోగయ్య ఎదుటివైపు నుంచి చెయ్యి వేశాడు. ఆమె పెట్టె వంక చూడలేదు. చూసినా అక్కడ పసుపు తప్ప ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా తలుపు దించిన చేతులు, దించమనగానే తమంతట తాము కుడివైపు తిరిగాయి.

తిప్పుతోంది. గేర్లు కొత్తవి, చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. పాత తలుపు దిగుతుంటే కిర్రుకిర్రుమని ఊరంతటికీ చెప్పేది. ఇది ఏమీ చెప్పదు.

"ఎంత నున్నగున్నాదో," అన్నాడు జోగయ్య. "పాతదైతే ఈపాటికి నడుం ఇరిగీది."

"మరేటనుకున్నావు, గేర్లు."

కింద నరసింగరావు గొంతు వినిపించింది. "గంగమ్మకి మనమీద దయ ఎక్కువున్నాదర్రా! పిక్కలకొచ్చినాది!" ఆడవాళ్లు నవ్వారు. ఎవరో కొబ్బరిచిప్ప నీటిలో వేశారు. అది గిర్రున తిరిగి కాలువ వెంట పరుగు తీసింది. అంత వేగంగా ఎందుకు పోతోందని ఎవరూ అడగలేదు. శుభకార్యంలో అటువంటి ప్రశ్నలు అడగరు.

"దించుతన్నాను బుగతా, దించుతన్నాను!" దేవమణి ఇంకా గట్టిగా తిప్పింది.

"మోకాళ్లకొచ్చినాది!" ఈసారి నరసింగరావు గొంతులో భక్తి కొంచెం తగ్గింది.

దేవమణి వేగం పెంచింది. పెంచినకొద్దీ కింద నీటి హోరు పెరిగింది. తలుపు పూర్తిగా కూర్చోలేదు కాబోలు, చివర్లో నీరు సన్నబడి జోరుగా వస్తుందిలే అని తనకు తానే చెప్పుకుంది. కిందనుంచి ఒక కేక. నరసింగరావు కండువా కొట్టుకుపోయింది, ఆయన రెండు మెట్లు పైకి పాకి గోడ పట్టుకున్నాడు.

అప్పుడు జోగయ్య ఆమె భుజం మీదుగా నదివైపు చూస్తూ, ఏదో లోకాభిరామాయణంలా అన్నాడు: "అప్పా, తలుపు దించితే దండ పైకొస్తాదేటి?"

దేవమణి వెనక్కి తిరిగింది. కొస నీటిని తాకుతూ ఉండవలసిన బంతిపూల దండ ఆమె మోకాళ్ల ఎత్తున ఊగుతోంది. ఎర్రటి నదిలోంచి ఇనప తలుపు తడిసి మెరుస్తూ, దండ వేసుకుని, సన్మానానికి లేచి నిలబడ్డట్టు ఉంది.

సొరంగంలో పన్నెండుమంది.

"ఇటు! ఇటేపు తిప్పు! జోగయ్యా, ఎడంపక్కకి!" అని అరిచి, అటువైపు తిరిగి, "మేడమ్! సొరంగంలో మనుషులున్నారు! నీరు ఎల్లిపోతన్నాది!" అని కేక పెట్టింది.

సుహాసిని ఫోనులో ఎవరితో మాట్లాడుతోందో వాళ్లకు ఏమీ చెప్పకుండానే చెయ్యి దించేసింది. నీటి వంక చూసింది, తలుపు వంక చూసింది. "మీరు మూసెయ్యండి. చెయ్యి తియ్యకండి. నేను వెళ్తా." స్కూటీ ఎక్కి గట్టు మీద పోయింది.

దేవమణికి వెళ్లాలని ఉంది. కాళ్లు గట్టువైపు, చేతులు హ్యాండిలు మీద. చేతులు వదిలితే కాళ్లు ఎంత పరుగెత్తినా లాభం లేదు. తిప్పింది. గేర్లపెట్టె గుణం ఏమిటంటే, బలం తక్కువ అడుగుతుంది, కాలం ఎక్కువ అడుగుతుంది. ఎంత బలవంతుడు తిప్పినా తలుపు తన మర్యాద తప్పదు. వెంట్రుకవాసి చొప్పున దిగుతుంది. ఇందాక నున్నగా తిరిగిన గేర్లు ఇప్పుడూ అంతే నున్నగా, అంతే తీరిగ్గా తిరుగుతున్నాయి.

"ఫోను సెయ్యండర్రా! మా మావకి ఫోను సెయ్యండి!"

ఎవరో చేశారు. "మోగతన్నాదప్పా. ఎత్తడం లేదు." ఎత్తరు. సొరంగంలోకి దిగేవాళ్లు ఫోన్లన్నీ అన్నం మూటల దగ్గర గట్టున పెట్టి దిగుతారు. నీళ్లలో పాడవుతాయని దేవమణే చెప్పింది.

నరసింగరావు తడిసిన పంచెతో పైకి వచ్చి, జోగయ్యను పక్కకు జరిపి తానే హ్యాండిలు పట్టుకున్నాడు. వాచీ గేర్లపెట్టెకు కొట్టుకుంటున్నా పట్టించుకోలేదు. "ఎంతమందున్నారు?"

"పన్నెండుమంది బుగతా."

"తిప్పు."

తిప్పారు. దండ మోకాళ్ల నుంచి మడమలకు, మడమల నుంచి ఆమె నిలబడ్డ బల్ల అంచుకు, అక్కడి నుంచి నీటి మీదికి దిగింది. పూలు నీటికి తగిలాయి. హోరు తగ్గి, బుసగా మారి, ఆగిపోయింది. దేవమణి హ్యాండిలు ఊడబెరికి చేతిలోనే పట్టుకుని గట్టు మీద పరుగెత్తింది. వదిలిన నీరు వదిలినట్టే ఆమెకు ముందు పోయింది. కాలువలో ఎండుటాకులు, చెప్పులు, పూజ కొబ్బరిచిప్పలు అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. మామిడితోట దగ్గర నేల తడిసి ఉంది. నీరు మామిడితోట దాటదని పొద్దున్న చెప్పిన మనిషి ఆ తడి పక్కనుంచే పరుగెత్తింది.

తోట దాటాక పూడికమట్టి కుప్ప గట్టుకు అడ్డంగా ఉంది. సుహాసిని స్కూటీ అక్కడే పక్కకు పడి ఉంది. చెప్పులు కూడా అక్కడే.

సొరంగం ముందు గట్టున మనుషులు కనిపించారు. దేవమణి దూరం నుంచే లెక్కపెట్టబోయింది. కళ్లలో చెమట పడి లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. సుహాసిని కాలువ అంచున బోర్లా పడుకుని సొరంగంలోకి అరుస్తోంది. గొంతు పోయి కీచుమంటోంది.

"పదిమంది అవతలికి తేలారు," అంది లేవకుండానే. "నా కేక విన్నారు. ఇద్దరు రాలేదు. మీ ఆయన, కూర్మమ్మ."

సొరంగం నోట్లో ఎర్రనీరు ఇంకా నడుంలోతున తిరుగుతోంది. దేవమణి దిగబోతే నలుగురు పట్టుకున్నారు. నీరు తగ్గుతోంది. గోడ మీద తడి గీత ఒకటి బయటపడింది, ఆ తరవాత దాని కింద ఇంకో ఇటుక వరస. నీరు తగ్గేది అంత నెమ్మదిగానని ఆమెకు అంతకుముందు తెలియదు. ఎన్నోసార్లు చూసింది, తెలియదు.

లోపల్నుంచి దగ్గు వినిపించింది. తరవాత ఒక ఆడగొంతు. "ఒలమ్మ ఒలమ్మ, ఆ సొక్కా వదలమంటే వదలను! సిరిగితే సిరగనీ!"

కూర్మమ్మ ముందు వచ్చింది. ఆమె గుప్పిట్లో కృపానిధి చొక్కా, చొక్కాలో కృపానిధి. సొరంగం మధ్యలో గోడ ఇటుకలు ఊడి ఒక కంత ఉంది. నీరు తోసుకొచ్చినప్పుడు అతను భుజాన ఉన్న పాత హ్యాండిలు వంపును ఆ కంతలో దూర్చి, రెండో కొసను పట్టుకుని వేలాడాడు. కూర్మమ్మ అతన్ని పట్టుకుని వేలాడింది. నీరు మెడదాకా వచ్చి, ఏమనుకుందో, అక్కడ ఆగింది. పైన దండ నీటిని తాకిన వేళ అదే అయివుండాలి.

కృపానిధి గట్టున కూలబడి, ఖాకీ గలీబు నుంచి నీళ్లు పిండాడు. భార్య చేతిలో ఎర్ర హ్యాండిలును చూశాడు. తన ఒడిలో ఉన్నదాన్ని చూశాడు.

"తలుపు ఎవుడు ఎత్తీసినాడే?"

"నానే మావా. దించుదామని ఎత్తీసినాను."

అతను పిండిన గలీబునే మళ్లీ పిండాడు. తిట్టి ఉంటే బాగుండేది. సుహాసిని ఏదో చెప్పబోయింది, బాణాలు, పసుపు అని. దేవమణి చెయ్యి అడ్డం పెట్టింది. "పసుపు కాదు మేడమ్. నా సెయ్యి."

ఆ సాయంత్రం సుహాసిని వెల్డరును పిలిపించి, పెట్టె మీద ఇనప కమ్మీనే బాణంగా వంచి అతికించింది. ఎంత పసుపు మెత్తినా చేతికి తగులుతుంది. మంచి పనే. కానీ సొరంగంలో పూడిక పోలేదు. వచ్చిన నీరు ఇంకాస్త తెచ్చి పెట్టింది. మర్నాడు పొద్దున్న పన్నెండుమందీ గట్టున కూర్చున్నారు. పారలు పక్కన పడుకుని ఉన్నాయి.

"లెగండర్రా," అన్నాడు కృపానిధి, తనూ లేవకుండా.

"నానైతే దిగను మేటూ," అంది కూర్మమ్మ. "నిన్న హ్యాండిలున్నాదన్నావు, దిగినాను. లస్కరమ్మ మాట ఇచ్చినాదన్నావు, దిగినాను. ఇయాల ఎవుల మాట మీద దిగమంటావు, సెప్పు!"

తను దిగుతాడా లేదా అన్నది కృపానిధికే తెలియదు. గట్టు మీద దేవమణి వస్తూ కనిపించింది. భుజాన ఎర్ర హ్యాండిలు. దానికి ఖాకీ గలీబు మరీ వదులుగా ఉంది. ఎవరి వంకా చూడలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపి, కూర్మమ్మ పక్కన ఉన్న పార తీసుకుని, కాలువలోకి దిగి, నడుం వంచి సొరంగంలోకి వెళ్లిపోయింది.

కృపానిధి లేచి నోటి దగ్గర వంగాడు. "ఒసే, లాకుల కాడ ఎవులున్నారే?"

లోపల్నుంచి పార చప్పుడు, దాని వెనక గొంతు. "ఎవుల్లేరు మావా. హ్యాండిలూ లేదు, నానూ లేను."

కూర్మమ్మ లేచి చీర దులుపుకుంది. "జరుగు మేటూ, దారికడ్డం. అది నా పార." దిగింది. వెనక ఒకరి తరవాత ఒకరు. చివర కృపానిధి, పాత హ్యాండిలుతో.

మధ్యాహ్నం సుహాసిని తనిఖీకి లాకుల దగ్గరికి వస్తే తలుపులు మూసి ఉన్నాయి, లస్కరు లేదు. వెతుక్కుంటూ సొరంగం దాకా వచ్చి, పోయిన గొంతుతోనే లోపలికి పిలిచింది. "దేవమణిగారూ! డ్యూటీలో లస్కరు లాకుల దగ్గర ఉండాలి కదా!"

జవాబు కూర్మమ్మ చెప్పింది. "పూడికైనాక పంపిస్తాం మేడమ్. అందాకా ఇది మా కాడే ఉంటాది."